కెమెరా సరే, మట్టిలో వైరు సంగతేమిటి?

సంపాదకుల వారికి నమస్కారం.

ఇంటి భద్రత గురించి మీ పత్రికలో మొన్న వచ్చిన పూర్తి పేజీ వ్యాసం చదివాను. కెమెరాకి ఎన్ని మెగాపిక్సెల్స్ ఉండాలి, రాత్రిపూట ఎంత దూరం కనిపిస్తుంది, రికార్డింగ్ ఎన్ని రోజులు దాచుకోవాలి, ఫోన్‌లో ఎలా చూసుకోవాలి, అన్నీ వివరంగా రాశారు. కొనేవాళ్లకు పనికొచ్చే విషయాలే. కానీ ఆ కెమెరా నుంచి బొమ్మ ఇంట్లోకి ఏ దారిన వస్తుందో ఆ దారి గురించి ఒక్క వాక్యం కూడా లేదు. ఇంటి గోడకి బిగించే కెమెరాకైతే ఫర్వాలేదు, రెండు గజాల వైరు, రంధ్రం కొట్టి లోపలికి లాగేస్తారు. గేటు దగ్గర, పెరటి చివర, షెడ్డు దగ్గర, మోటారు దగ్గర పెట్టే కెమెరాల సంగతి వేరు. వాటి వైరు నేలలోంచి రావాలి. పని చెడేది అక్కడే. మా ఇంట్లో చెడింది, బాగు చేసుకోవడానికి రెండేళ్లు పట్టింది, అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, ముందూ వెనకా తగ్గించి వేసుకున్నా ఏమీ అనుకోను, వైరు గురించి రాసిన సంగతులు మాత్రం ఉంచండి.

మా ఇంటి నుంచి గేటు దాకా వైరు నడిచే దారి 65 మీటర్లు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఎవరైనా గేటు తడితే అంతదూరం నడిచి వెళ్లి చూసి రావడం ఆమెవల్ల కాదు, పగలంతా ఇంట్లో ఒక్కతే ఉంటుంది. గేటు దగ్గర కెమెరా పెట్టించి టీవీలో కనిపించేలా చేస్తే ఎవరొచ్చారో కూర్చున్నచోటి నుంచే చూసుకుంటుందని పెట్టించాం. వచ్చిన కుర్రాళ్లిద్దరూ పొద్దున్న మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా పని ముగించేశారు. గునపంతో జానెడు లోతు గాడి తీసి, ఆఫీసుల్లో కంప్యూటర్లకి వాడే బూడిదరంగు నెట్‌వర్క్ కేబుల్ అందులో పరిచి, కాళ్లతో మట్టి తోసి తొక్కేశారు. పైపు వేయరా అని అడిగాను. "అక్కర్లేదండీ, కేబుల్‌కి పైన తొడుగు ఉంది కదా" అన్నారు. నాకు తెలియని విషయం కాబట్టి సరే అనుకున్నాను.

మొదటి వారంలోనే చిక్కు మొదలైంది. పగలు శుభ్రంగా కనిపించే బొమ్మ చీకటి పడగానే పోయేది, రెండు నిమిషాలకి వచ్చేది, మళ్లీ పోయేది. పిలిస్తే వచ్చి కెమెరా మార్చారు. కొత్తదానికీ అదే రోగం. అడాప్టర్ మార్చారు. తేడా లేదు. "ఈ మోడలే అంత" అని ఇంకో కంపెనీ కెమెరా తెస్తామన్నారు.

నిజానికి కెమెరాలో ఏ తప్పూ లేదు. ఈ ఒక్క విషయం మీ పాఠకుల్లో చాలామందికి పనికొస్తుంది కాబట్టి కొంచెం లెక్కతో సహా చెబుతాను. చీకటి పడగానే కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి, అవి కంటికి కనిపించవు గానీ కరెంటు బాగా తింటాయి. మా కెమెరా పగలు 0.2 ఆంపియర్ తీసుకునేది, రాత్రి 0.5 తీసుకునేది. అది 12 వోల్టుల కెమెరా, అడాప్టర్ ఇంట్లో ఉంది, కేబుల్‌లో ఉండే నాలుగు జతల తీగల్లో రెండు జతలు బొమ్మకి, మిగతా రెండు జతలు కరెంటు పంపడానికి వాడారు. ఆ తీగలు చాలా సన్నవి. 24 గేజి మందం ఉన్న రాగి తీగకి మీటరుకి సుమారు 0.084 ఓమ్ నిరోధం ఉంటుంది, రెండేసి తీగలు కలిపి పంపినా 65 మీటర్లు వెళ్లి తిరిగి రావడానికి ఐదున్నర ఓమ్‌లు. దాంట్లో 0.5 ఆంపియర్ నడిస్తే రెండుంముప్పావు వోల్టులు దారిలోనే హరించుకుపోతాయి. అది కూడా తీగ మొత్తం రాగి అయితేనే. మాకు వేసినది అల్యూమినియం తీగ, పైన రాగి పూత మాత్రమే. దాని నిరోధం రాగికి ఒకటిన్నర రెట్లకు పైనే ఉంటుంది. అంటే ఇంట్లో 12 వోల్టులు బయల్దేరితే గేటు దగ్గరికి 8 కూడా చేరడం లేదు. కెమెరా ఆగిపోతుంది, ఆగగానే దీపాలు ఆరిపోతాయి, దీపాలు ఆరగానే భారం తగ్గి వోల్టేజి మళ్లీ లేస్తుంది, కెమెరా మళ్లీ మొదలవుతుంది, మళ్లీ దీపాలు వెలుగుతాయి. రాత్రంతా అదే తంతు. పగలు పనిచేసి రాత్రి ఆగిపోతోందంటే కెమెరా మార్చకముందు వైరుని అనుమానించండి. రాత్రి దీపాలు వెలిగినప్పుడు కెమెరా దగ్గర వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టి చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. పగలు కొలిస్తే తెలియదు.

రాగి పూత కేబుల్‌ని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. తీగని బ్లేడుతో గీరితే లోపల వెండిలా తెల్లగా మెరుస్తుంది. అసలు రాగి ఎంత గీరినా ఎర్రగానే ఉంటుంది. చుట్ట చేతిలోకి తీసుకుంటేనే తేలిగ్గా ఉంటుంది, తీగని అటూ ఇటూ నాలుగైదుసార్లు వంచితే విరిగిపోతుంది. పెట్టె మీద క్యాట్ 6 అని, అంటే నెట్‌వర్క్ కేబుల్ నాణ్యత తరగతిని, ఎంత పెద్ద అక్షరాలతో రాసినా సరే, ఆ ప్రమాణాలు రాగి తీగకి రాసినవి, పూత తీగ వాటికి లోబడి ఉండదు. కొనేముందు ఒక్క అంగుళం గీరి చూడండి, దుకాణంలో ఎవరైనా వద్దంటే ఆ చుట్ట కొనకండి.

ఆ తర్వాత వానలు వచ్చాయి. మొదటి వానాకాలం ఎలాగో గడిచింది. రెండో వానాకాలంలో బొమ్మ మీద గీతలు, తర్వాత గంటకోసారి ఆగడం, చివరికి పగలు కూడా నీలం తెర. ఆ రోజుల్లోనే ఒక రాత్రి ఎవరో గేటు గట్టిగా తడుతూ ఉన్నారు. నేను ఊళ్లో లేను. అమ్మ టీవీ పెట్టి చూస్తే ఏమీ కనిపించలేదు, భయపడి తలుపు తీయలేదు. పక్కింటి అమ్మాయి వాళ్ల అత్తగారికి ఒంట్లో బాగాలేక సాయం కోసం వచ్చిందట. ఆవిడకి తర్వాత నెమ్మదించింది, అది మా అదృష్టం. కానీ "పక్కింటిదేనని కనిపిస్తే నేను ఎలాగైనా లేచి వెళ్లేదాన్ని కదా" అని అమ్మ ఇప్పటికీ అంటుంది. కెమెరా లేకపోతే కిటికీలోంచి పిలిచి ఎవరని అడిగేది. ఉందన్న నమ్మకంతో ఆ తెర వంకే చూస్తూ కూర్చుంది. పనిచేయని కెమెరా వల్ల జరిగే నష్టం ఇదే.

మరుసటి వారం నేనే తవ్వించాను. కేబుల్ పైకి తీసి చూస్తే మూడు చోట్ల తొడుగు మీద గాట్లు, ఒకచోట ఎలుక కొరికిన గుర్తులు. కోసి చూస్తే లోపల తీగల మీద ఆకుపచ్చ చిలుము, కొన్నిచోట్ల తీగే లేదు, తెల్లటి పొడి ఉంది. చివరన పట్టుకుని ఎత్తితే కేబుల్ లోపలి నుంచి నీళ్లు కారాయి.

ఎందుకిలా అయిందో తర్వాత తెలుసుకున్నాను. ఇంటి లోపల వాడే కేబుల్ తొడుగు పీవీసీ. అది గోడల్లో, సీలింగ్ పైన పొడిగా ఉండటానికి చేసినది. తడి మట్టిలో నెలల తరబడి నానితే తేమని కొద్దికొద్దిగా లోపలికి రానిస్తుంది. చిన్న గాటు పడిందంటే ఇక నీరు నేరుగా దూరుతుంది, దూరిన చోట ఆగదు కూడా, దీపపు వత్తిలో నూనె పాకినట్టు జతల మధ్య సందుల్లో మీటర్ల కొద్దీ పాకుతుంది. నెట్‌వర్క్ కేబుల్‌లో జతలు మెలిపెట్టి ఉండేది, వాటి మధ్య దూరం కొలత ప్రకారం ఉండేది సిగ్నల్ చెడకుండా ఉండటానికే. ఆ మధ్యలో ఉండాల్సినది పాలిథిలిన్ లాంటి పదార్థం, గాలి. తీగల మధ్య పదార్థం సిగ్నల్ మీద ఎంత ప్రభావం చూపుతుందో చెప్పే డైఎలక్ట్రిక్ విలువ పాలిథిలిన్‌కి 2.3 దగ్గర ఉంటుంది, నీటిది 80 దగ్గర. అంత తేడా ఉన్నది మధ్యలో చేరితే ఆ కొలతలన్నీ తప్పుతాయి, సిగ్నల్ దారిలోనే నీరసిస్తుంది. దానికి తోడు 12 వోల్టుల కరెంటు ఎప్పుడూ ఒకే వైపు నడిచే తీగలు తడిలో ఉంటే విద్యుద్విశ్లేషణ జరిగి పాజిటివ్ వైపు లోహం కరిగిపోతుంది. మా కేబుల్‌లో తీగ మాయమై పొడి మిగిలింది అందుకే.

నేలలో వేయడానికి వేరే కేబుల్ ఉంటుంది. తొడుగు నల్లటి పాలిథిలిన్, లోపల జతల చుట్టూ జిగురులాంటి జెల్ నింపి ఉంటుంది, నీరు పాకడానికి సందు ఉండదు. తొడుగు మీద 'డైరెక్ట్ బరియల్' అని అచ్చు వేసి ఉంటుంది. 'అవుట్‌డోర్' అని మాత్రమే ఉంటే అది ఎండకి తట్టుకుంటుందనే అర్థం కావచ్చు, మట్టికి పనికొస్తుందని కాదు, కాబట్టి చదివి తీసుకోవాలి. నలుపు కూడా అందం కోసం వేసినది కాదు, పాలిథిలిన్‌లో కలిపిన కార్బన్ బ్లాక్ ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని ఆపుతుంది, స్తంభం మీదకి ఎక్కే చివరి రెండు మీటర్లకి అది చాలా అవసరం. జెల్ ఉన్న కేబుల్‌తో పని చేయడం చిరాకే, చేతులకి అంటుకుంటుంది, గుడ్డతో తుడిస్తే గానీ ప్లగ్ క్రింప్ చేయడం, అంటే పట్టకారుతో నొక్కి బిగించడం, కుదరదు. చాలామంది దాన్ని వాడకపోవడానికి ఇది కూడా ఒక కారణమని నా అనుమానం. ఇంకొక మాట, పాలిథిలిన్ తొందరగా అంటుకుంటుంది కాబట్టి ఆ నల్ల కేబుల్‌ని ఇంటి లోపల గదులన్నీ తిప్పకుండా గోడ దాటగానే ఒక పెట్టెలో ముగించి, అక్కడి నుంచి లోపలి కేబుల్ కలుపుకోవడం మంచిది.

నేరుగా మట్టిలో వేయడానికి చేసిన కేబులే కదా, ఇక పైపు ఎందుకు అని అడుగుతారు. పైపు కేబుల్ కోసం కాదు, మన కోసం. రేపు కేబుల్ పాడైనా, ఇంకో కెమెరా పెట్టాలన్నా, మళ్లీ తవ్వకుండా కొత్తది లాగేయొచ్చు. పార దెబ్బ, ఎలుక పన్ను, వేళ్ల ఒత్తిడి పైపు కాస్తుంది. అలాగని పైపు ఉంది కదా అని ఇంట్లో వాడే కేబుల్ వేస్తే మళ్లీ మొదటికే వస్తుంది, ఎందుకంటే నేలలో పైపు లోపల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. జాయింట్లు ఎంత గట్టిగా అతికించినా పగలు వేడెక్కి రాత్రి చల్లబడినప్పుడు లోపలి గాలిలో తేమ చెమ్మగా దిగుతుంది, పల్లం ఉన్నచోట నీళ్లు నిలుస్తాయి. కాబట్టి పైపూ కావాలి, లోపల మట్టిలో వేసే కేబులే ఉండాలి. ఈ రెండిట్లో ఒకటి చాలని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

రెండోసారి మేం తవ్విన కాలువ 45 సెంటీమీటర్ల లోతు, బండి తిరిగే చోట 60. కెమెరా కరెంటు వల్ల ఎవరికీ షాక్ కొడుతుందని కాదు ఆ లోతు, మొక్క నాటడానికి దిగే గునపం, పార అందకుండా ఉండటానికి. తవ్వకముందు నీళ్ల పైపు, మురుగు పైపు, గ్యాస్ పైపు, కరెంటు కేబుల్ ఎక్కడెక్కడ ఉన్నాయో తెలుసుకోవాలి. తెలియకపోతే వాటిని వేసిన శాఖలవారిని అడగాలి, అప్పటిదాకా గునపం ముట్టుకోకూడదు, ఈ విషయంలో మొహమాటం వద్దు, ప్రాణాలతో వ్యవహారం. కాలువ అడుగున రాళ్లు ఏరేసి నాలుగు వేళ్ల మందం ఇసుక పోసి, దాని మీద పైపు, పైన మళ్లీ ఇసుక, తర్వాత మట్టి. సగం పూడ్చాక పైపుకి సరిగ్గా పైన హెచ్చరిక టేపు పరిచాం, ఎప్పుడైనా ఎవరైనా తవ్వితే పైపు కన్నా ముందు రంగు టేపు కనిపిస్తుంది. ఇంటి వైపు నుంచి బయటికి కొద్దిగా వాలు ఉండేలా చూసుకున్నాం, లేకపోతే పైపులో చేరిన వాననీరు నేరుగా గోడలోంచి ఇంట్లోకి వస్తుంది.

మూలల దగ్గర పొట్టి ఎల్బోలు వాడొద్దు. నీళ్ల పైపుకి వాడే ఆ ఎల్బోల్లోంచి నీళ్లు తిరుగుతాయి గానీ కేబుల్ తిరగదు, బలవంతంగా లాగితే లోపల జతలు నలిగిపోతాయి. కేబుల్ మందానికి కనీసం నాలుగింతల వ్యాసార్థంతో వంపు తిరగాలి, పైపుకైతే పొడుగు బెండ్లు దొరుకుతాయి, అవి వాడాలి. రెండు చివరల మధ్య అన్ని వంపులూ కలిపి 360 డిగ్రీలు, అంటే నాలుగు లంబకోణపు మూలలు దాటకూడదు, దాటితే మధ్యలో ఒక పెట్టె పెట్టుకోవాలి. కేబుల్ లాగేటప్పుడు కూడా ఇద్దరు మనుషులు కాళ్లు తన్నిపెట్టి లాగడం కాదు, నాలుగు జతల కేబుల్ తట్టుకునే లాగుడు 11 కిలోల బరువుకి సమానం, అంతే. అంతకు మించితే తీగలు సాగుతాయి, పైకి ఏమీ తెలియదు. ఒకరు ఇటు నుంచి నెమ్మదిగా అందిస్తుంటే ఇంకొకరు అటు నుంచి లాగాలి. ప్లగ్ ముందే బిగించి లాగకూడదు, లాగాక క్రింప్ చేసుకోవాలి.

పైపు సైజు దగ్గర పిసినారితనం వద్దని మాత్రం గట్టిగా చెబుతాను. కేబుళ్లు పైపు లోపలి చోటులో 40 శాతం దాటకూడదనేది ఎలక్ట్రీషియన్లు పాటించే లెక్క. 25 మిల్లీమీటర్ల పైపులో ఇలాంటి లావు కేబుళ్లు మూడుకు మించి పట్టవు. మేం 40 మిల్లీమీటర్లది వేశాం, ఇప్పుడు రెండు కేబుళ్లే ఉన్నాయి, ఒకటి పనిచేసేది, ఇంకొకటి ఊరికే ఉంచింది. వాటితోపాటు ఒక నైలాన్ తాడు కూడా పైపు పొడుగునా వదిలేశాం. రేపు ఇంకో కేబుల్ కావాలంటే ఆ తాడుకి కట్టి లాగడమే, లాగేటప్పుడే ఇంకో తాడు కూడా కట్టి వదిలితే ఆ సౌకర్యం ఎప్పటికీ ఉంటుంది. రెండు చివరలా పైపు నోళ్లు పుట్టీలాంటి మెత్తని ముద్దతో మూసేశాం, లేకపోతే చీమలు, బల్లులు, ఎలుకలు అందులో కాపురం పెడతాయి.

230 వోల్టుల కరెంటు వైరు, కెమెరా వైరు ఒకే పైపులో వేయడం చాలాచోట్ల చూస్తున్నాను. గేటు లైటుకి ఎలాగూ తవ్వుతున్నాం కదా, అందులోనే వేసేద్దాం అంటారు. దయచేసి అలా చేయకండి. బొమ్మ మీద గీతలు రావడం చిన్న విషయం. ఎప్పుడో ఒకరోజు కరెంటు వైరు తొడుగు చెడితే ఆ 230 వోల్టులు కెమెరా వైరులోకి ఎక్కి రికార్డర్ దాకా, దాన్ని ముట్టుకున్న మనిషి దాకా వస్తాయి. పైపు వేరుగా ఉండాలి, పక్కపక్కన నడిస్తే మధ్యలో కనీసం 30 సెంటీమీటర్ల మట్టి ఉండాలి, ఒకదాన్నొకటి దాటాల్సి వస్తే లంబకోణంలో అడ్డంగా దాటాలి.

12 వోల్టులు వదిలేసి రెండోసారి పీవోఈ పెట్టాం, అంటే నెట్‌వర్క్ కేబుల్‌లోనే కెమెరాకి కరెంటు కూడా వెళ్తుంది, కాకపోతే 48 వోల్టుల దగ్గర. వోల్టేజి నాలుగింతలు కాబట్టి అదే పనికి నాలుగో వంతు కరెంటు చాలు. 6 వాట్ల కెమెరాకి 0.125 ఆంపియర్. అదే 65 మీటర్ల రాగి కేబుల్‌లో దారిలో పోయేది ముప్పావు వోల్టు కూడా ఉండదు, 48లో ముప్పావు పోతే కెమెరాకి తెలియను కూడా తెలియదు. దీనికి 2003లోనే ఐట్రిపుల్‌ఈ అనే ఇంజనీర్ల సంస్థ 802.3ఏఎఫ్ అనే ప్రమాణం తెచ్చింది, కేబుల్‌లోకి కరెంటు పంపే నెట్‌వర్క్ స్విచ్ దగ్గర 15.4 వాట్లు ఇస్తే కెమెరా దగ్గర 12.95 వాట్లు అందాలని అందులోనే ఉంది, మధ్యలో తేడా 100 మీటర్ల వైరులో పోయేదని ముందే లెక్కవేసి పెట్టారు. తిరిగే పెద్ద కెమెరాలకి 2009లో వచ్చిన 802.3ఏటీ ఉంది, 30 వాట్లది. ఆ 100 మీటర్లు మాత్రం గుర్తుంచుకోవాలి, రెండు చివరల్లో ఉండే చిన్న వైర్లు కూడా కలిపి 100. కొలిచేటప్పుడు నేల మీద టేపు పరిచి సరే అనుకోకుండా గోడ ఎక్కేది, స్తంభం ఎక్కేది, లోపల రికార్డర్ దాకా నడిచేది అంతా కలపండి. 120, 130 మీటర్లు అయినా పనిచేస్తోందని చెప్పేవాళ్లు ఉంటారు. వానలో కూడా పనిచేయాలంటే హద్దులో ఉండాల్సిందే.

పిడుగు గురించి రాయకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు. నేలలో ఉన్న వైరుకి పిడుగు భయం లేదని చాలామంది నమ్మకం, నేనూ అలాగే అనుకున్నాను. పిడుగు మన మీదే పడనక్కర్లేదు. దగ్గర్లో పడితే చాలు, ఆ చుట్టుపక్కల నేలలో ఒకచోటికీ ఇంకోచోటికీ మధ్య వేల వోల్టుల తేడా ఒక్క క్షణం వస్తుంది, మన వైరు సరిగ్గా ఆ రెండు చోట్లనీ కలుపుతూ ఉంటుంది. ఇనుప స్తంభం మీద కెమెరా, ఇంట్లో ఎర్తింగ్ ఉన్న రికార్డర్, మధ్యలో 65 మీటర్ల రాగి. ఆ ఉధృతి ఎటు వెళ్తుందో వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి రెండు చివరలా ఆ ఉధృతిని భూమిలోకి మళ్లించే సర్జ్ ప్రొటెక్టర్ పెట్టుకోవాలి, పెట్టుకుని దాని ఎర్తు వైరు నిజంగా ఎర్తింగ్‌కి కలపాలి. ఎర్తు కలపని ప్రొటెక్టర్ ఊరికే ఒక డబ్బా. ఆ ఆకుపచ్చ వైరుని చుట్టచుట్టి టేపు వేసి వదిలేసినవి నేను కళ్లారా చూశాను. అయినా నేరుగా పడే పిడుగుని ఏదీ ఆపదు.

ఒక భవనం నుంచి వేరే ఎర్తింగ్ ఉన్న ఇంకో భవనానికి వేసేటప్పుడు, లేదా 100 మీటర్లు దాటినప్పుడు నా సలహా ఆప్టికల్ ఫైబర్. గాజు తీగలో కరెంటు నడవదు కాబట్టి ఒకచోటి పిడుగు దెబ్బ దాని గుండా ఇంకోచోటికి రాదు, ఉక్కు తీగ లేని రకం తీసుకుంటే మరీ మంచిది. కిలోమీటర్ల దూరమైనా బొమ్మకి ఢోకా లేదు. కెమెరాకి కరెంటు మాత్రం ఆ చివరే ఏర్పాటు చేసుకోవాలి. వైఫై కెమెరా పెడితే ఇదంతా ఉండదు కదా అని కొందరంటారు. దానికి కూడా కరెంటు కావాలి, 65 మీటర్ల దూరం, మధ్యలో చెట్లు, తడిసిన ఆకులు, గోడలు. ఎదురుగా అడ్డం లేకుండా కనిపించే చోటైతే రెండు వైపులా యాంటెనాలు పెట్టి పంపొచ్చు, కాదనను. నాకైతే పైపులో పడుకున్న వైరు మీదే నమ్మకం.

ఇంత చేసినా చివరి అడుగులో చెడగొట్టుకునే చోటు ఒకటుంది, కెమెరా వెనక వేలాడే ఆ పొట్టి వైరు, దానికి ప్లగ్ కలిపే చోటు. దాని మీద ఇన్సులేషన్ టేపు చుట్టి వానకి వదిలేస్తారు. టేపు జిగురు ఒక్క ఎండాకాలంలో కరిగిపోతుంది. ఆ అతుకు కెమెరా వెనక బిగించే జంక్షన్ బాక్సు లోపల ఉండాలి, కెమెరాతో వచ్చే రబ్బరు వాషర్ల తొడుగు పారేయకుండా బిగించాలి. పెట్టెలోకి కేబుల్ కింది నుంచి వెళ్లాలి, వెళ్లేముందు ఒక వంపు కిందికి వేలాడితే వాన చుక్కలు ఆ వంపు దగ్గర కారిపోతాయి, ప్లగ్ దాకా పాకవు. మట్టిలో అతుకు మాత్రం ఎప్పుడూ వేయొద్దు. కేబుల్ ఐదు మీటర్లు తక్కువైందని మధ్యలో కలిపి పూడ్చేస్తే చెడేది అక్కడే, అది ఎక్కడుందో కూడా అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

ఇక కాలువ పూడ్చడం గురించి. పని చేసేవాళ్లకి పూడ్చేయాలని తొందర ఉంటుంది, చీకటి పడకముందు వెళ్లాలి, వాళ్ల తొందర నాకు అర్థమవుతుంది. మీరు మాత్రం ఆపండి. కెమెరా కలిపి, రాత్రి దీపాలు వెలిగేలా లెన్సు పక్కనున్న సెన్సార్‌ని చేత్తో మూసి, ఒక రాత్రంతా నడిపి చూశాకే పూడ్చమనండి. ఎనిమిది లైట్లు వరుసగా వెలిగే చిన్న టెస్టర్‌తో చూసి సరే అంటారు. ఆ టెస్టర్ తీగ తెగలేదని, వరుస తప్పలేదని మాత్రమే చెబుతుంది, కెమెరాకి కావలసిన కరెంటు మోయగలదని చెప్పదు. తెరిచి ఉన్న కాలువని ఫోటోలు తీసుకోండి, ఫోటోలో కొలత టేపు కూడా కనిపించాలి, గోడ నుంచి ఎంత దూరం, ఎంత లోతు, ఎక్కడ మలుపు తిరిగింది. మా ఇంట్లో ఆ ఫోటోలు, చేత్తో గీసిన పటం మెయిన్ స్విచ్ పెట్టె తలుపు లోపల అంటించి ఉన్నాయి.

మొదటిసారి వచ్చిన కుర్రాళ్ల మీద నాకిప్పుడు కోపం లేదు. వాళ్లకి ఎవరూ నేర్పలేదు. ఒప్పుకున్న పనిలో కాలువకి, పైపుకి కూలి లేదు, నేను కూడా కెమెరా గురించి పది ప్రశ్నలు అడిగి వైరు గురించి ఒక్కటే అడిగాను, దానికి వచ్చిన జవాబుకి తలూపాను. కెమెరాలు అమ్మేవాళ్లు పని ఒప్పుకునేటప్పుడు కాగితం మీద కెమెరా మోడల్‌తోపాటు కేబుల్ రకం, అది పూర్తి రాగి అవునో కాదో, పైపు సైజు, కాలువ లోతు రాసివ్వాలి. కొనేవాళ్లం అది అడిగి రాయించుకోవాలి. బిగించే పని నేర్పే శిక్షణల్లో పార పట్టి కాలువ తవ్వించడం కూడా ఒక పాఠం కావాలి.

మీకు నా విన్నపం, ఇళ్లు కట్టుకునేవాళ్ల కోసం మీరు వేసే పేజీలో ఒక వారం ఈ విషయానికి కేటాయించండి. ముఖ్యంగా ఇప్పుడు ఇల్లు కడుతున్నవాళ్లు ఆవరణలో బండలు పరిచేముందు, నీళ్ల పైపు కోసం ఎలాగూ నేల తవ్వి ఉన్నప్పుడే, గేటు దాకా, పెరటి చివరి దాకా ఒక్కొక్క ఖాళీ పైపు వేసి అందులో ఒక తాడు వదిలేయమని రాయండి. ఆ రోజు దానికి ఒక పూట పని. బండలు పరిచాక అదే పనికి బండలు పగలగొట్టాలి. మేం పగలగొట్టినచోట అతుకులు ఇప్పటికీ కనిపిస్తున్నాయి.

మా కెమెరా పెట్టి ఇది మూడో వానాకాలం. నిన్న రాత్రి కుండపోత, అమ్మ టీవీ ముందు కూర్చుని గేటు మీద పడుతున్న వాన చూస్తూ, అడ్డంగా పరిగెత్తిన పిల్లిని నాకు పిలిచి చూపించింది.

ఇట్లు
మీ పత్రిక పాఠకులు